షెడ్డు గడప: టర్కీ కోళ్ల కాపలా, వాటి క్షేమం

రోగం సోకకూడదని ఒక పక్షిని పుట్టిన నాటి నుంచి నాలుగు గోడల మధ్యే ఉంచితే, దాని మేలు కోరినట్టా, సుఖం లాక్కున్నట్టా? వేల సంఖ్యలో టర్కీ కోళ్లను ఒకే కప్పు కింద పెంచే ఫారాల గురించి విన్నవారికి ముందుగా కలిగే అనుమానం ఇదే. దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. ఏ పక్షి, ఏ రోగం, ఎలాంటి షెడ్డు అన్నవి తెలిస్తే తప్ప జవాబు దొరకదు.

ఫారంలోకి రోగక్రిమి రాకుండా, వచ్చినా ఒక షెడ్డు నుంచి మరో షెడ్డుకు పాకకుండా తీసుకునే జాగ్రత్తలన్నిటికీ కలిపి బయోసెక్యూరిటీ అని పేరు. తెలుగులో జీవభద్రత అంటున్నారు. ఈ అధ్యాయంలో దాన్ని రోగకాపలా అందాం. రెండో మాట పక్షిక్షేమం. పెంపుడు జంతువుల బాగోగులను కొలవడానికి ప్రపంచంలో ఎక్కువగా వాడే కొలబద్ద బ్రిటన్‌లో పుట్టింది. 1965లో బ్రాంబెల్ సంఘం ఇచ్చిన నివేదికలో దానికి విత్తు పడింది. 1979లో అక్కడి పశుసంక్షేమ మండలి దాన్ని అయిదు స్వేచ్ఛలుగా తీర్చింది. ఆకలిదప్పులు లేకపోవడం, అసౌకర్యం లేకపోవడం, నొప్పి, గాయం, రోగం లేకపోవడం, సహజంగా మెలగడానికి వీలుండటం, భయం లేకపోవడం అనేవి ఆ అయిదు. రోగం లేకపోవడం ఈ జాబితాలోనే ఉంది కాబట్టి రోగకాపలా పక్షిక్షేమంలో ఒక భాగమే. సహజంగా మెలగడానికి వీలు అన్న స్వేచ్ఛ దగ్గరే చిక్కు మొదలవుతుంది. ఎండలో తిరగడం, మట్టి గీకడం, పురుగు ఏరుకోవడం టర్కీకి సహజం. దాన్ని చంపే రోగాల్లో చాలావి వచ్చే దారులు కూడా ఆ మట్టి, ఆ పురుగు, ఆ ఆకాశమే.

తోడు చుక్క చాలే పక్షి

టర్కీ ఉత్తర అమెరికా అడవి పక్షి. మెక్సికో ప్రాంతపు ప్రజలు సుమారు 2,000 ఏళ్ల కిందటే దాన్ని మచ్చిక చేసుకున్నారు. ఈనాటి ఫారాల్లో పెరిగేది ఆ పాత పక్షి కాదు. వెడల్పాటి రొమ్ముతో తెల్లటి ఈకలతో త్వరగా బరువెక్కేలా తరతరాలుగా ఎంపిక చేసిన రకం అది. అమెరికాలో 1960లో అమ్మకానికి వచ్చిన టర్కీ సగటు బరువు 7 కిలోల లోపే. ఇప్పుడు దానికి రెట్టింపు దాటింది. పెట్టలను 14 వారాల ఈడులో అమ్ముతారు. పుంజులను 20 వారాల దాకా పెంచితే 18 నుంచి 20 కిలోలు తూగుతాయి. ఇంత బరువును మోసే కాళ్ల మీద, ఊపిరితిత్తుల మీద ఎంత ఒత్తిడి పడుతుందో వేరే చెప్పనక్కర్లేదు. రొమ్ము భారం వల్ల ఈ పుంజులు పెట్టలతో సహజంగా జతకట్టలేవు. అందుకే వాణిజ్య స్థాయిలో గుడ్డు పెట్టే టర్కీలన్నిటికీ కృత్రిమ గర్భధారణే. దానికోసం మనుషులు దాదాపు వారం వారం ప్రతి పెట్టనూ చేత్తో పట్టుకోవాలి. అది పక్షికి బెదురు, రోగానికి దారి. ఒకే బృందం ఒక ఫారం నుంచి మరో ఫారానికి వెళ్తే ప్రమాదం ఇంకా ఎక్కువ.

రోగాల విషయంలోనూ టర్కీది మామూలు కోడికి భిన్నమైన ఒళ్లు. గిన్నెడు పాలు పెరుగు కావడానికి చెంచాడు తోడు వేయాలా, చుక్క చాలా అన్నది పాలను బట్టి, కాలాన్ని బట్టి ఉంటుంది. బర్డ్ ఫ్లూ వైరస్ విషయంలో కోడికి చెంచాడు కావలసిన చోట టర్కీకి చుక్క చాలు. అదే వైరస్ తక్కువ మోతాదులో తగిలినా టర్కీ రోగం పాలవుతుందని పరిశోధనశాలల్లో పదేపదే తేలింది. కోళ్లలో పెద్దగా కనిపించని కొన్ని తెగుళ్లు కూడా టర్కీల మందను తుడిచిపెట్టేస్తాయి. కోళ్లనూ టర్కీలనూ ఒకే దొడ్లో పెంచకూడదని పాత రైతులు చెప్పే మాటకు ఇదే ఆధారం.

ఆ మాటకు అసలు కారణమైన నల్లతల తెగులును కొంచెం వివరంగా చూడాలి. రోగకాపలా కథ అంతా అందులోనే చిన్న రూపంలో కనిపిస్తుంది. ఇంగ్లిషులో బ్లాక్‌హెడ్ అంటారు గానీ తల నల్లబడటం అన్నిసార్లూ జరగదు. తెగులు పడేది పేగు చివర ఉండే తిత్తుల మీద, కాలేయం మీద. 1895లో థియోబాల్డ్ స్మిత్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దీనికి కారణమైన ఏకకణ జీవిని గుర్తించాడు. ఆ జీవి తనంతట తాను బయట ఎక్కువ సేపు బతకలేదు. కోడి పేగులో ఉండే సన్నటి నులిపురుగు గుడ్డులో దూరి దాక్కుంటుంది. ఆ గుడ్డు రెట్టతో నేలమీద పడి మట్టిలో ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉంటుంది. దాన్ని వానపాము మింగుతుంది. వానపామును టర్కీ తింటుంది. కోడికి ఈ ప్రయాణం వల్ల పెద్ద నష్టం లేదు. టర్కీ మందలో మాత్రం నూటికి ఎనభై, తొంభై చచ్చిపోయిన సందర్భాలున్నాయి. ఒకసారి షెడ్డులో ఒక పక్షికి సోకిందంటే ఆ తర్వాత నులిపురుగుతో కూడా పనిలేదు. పక్షి నుంచి పక్షికి నేరుగా పాకుతుంది.

ఈ తెగులు దెబ్బకే పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో టర్కీల పెంపకం కుప్పకూలింది. పక్షిని మట్టికి దూరంగా, కోళ్లకు దూరంగా, శుభ్రమైన నేలమీద పెంచాలన్న ఆలోచన అప్పుడు బలపడింది. అంటే టర్కీని మట్టి నుంచి తప్పించడం వెనక లాభాపేక్ష మాత్రమే లేదు. కళ్లెదుట పక్షులు కుప్పలుగా చచ్చిపోతుంటే చూసిన అనుభవం కూడా ఉంది. తర్వాత మందులు వచ్చాయి. ఆ మందుల వల్ల మనుషులకు హాని ఉండవచ్చని తేలడంతో అవి ఒక్కొక్కటే పోయాయి. అమెరికాలో ఒక ముఖ్యమైన మందుకు 1987లో అనుమతి రద్దయింది. ఆర్సెనిక్ కలిసిన చివరి మందు నైటార్సోన్ 2015 చివరికి మార్కెట్ నుంచి తప్పుకుంది. ఇప్పుడక్కడ నల్లతల తెగులుకు అనుమతి ఉన్న మందు లేదు, టీకా లేదు. మిగిలింది కాపలా ఒక్కటే.

గీతకు అటూ ఇటూ

రోగకాపలాకు గుండెకాయ ఒక గీత. షెడ్డు తలుపు లోపల, బట్టలు మార్చుకునే గదిలో నేలమీద గీసిన గీత కావచ్చు, మోకాలెత్తు బల్ల కావచ్చు. గీతకు ఇవతల లోకం, అవతల పక్షులు. బయటి చెప్పు లోపలి నేలను తాకకూడదు. లోపలి చెప్పు బయటి నేలను తాకకూడదు. డేనిష్ ఎంట్రీ అనే పద్ధతిలో పనివాడు బల్లమీద కూర్చుని బయటి బూట్లు ఇవతల విడిచి, కాళ్లు అటు తిప్పి, చేతులు శుభ్రం చేసుకుని, ఆ షెడ్డుకే కేటాయించిన బూట్లు, పైబట్టలు వేసుకుని అవతలకు దిగుతాడు. పాత ఇళ్లలో మడి పాటించిన వంటింటి గడప తెలిసినవారికి ఈ క్రమం కొత్తగా అనిపించదు. బయటి బట్టతో లోపల అడుగు పెట్టకూడదన్న నియమం ఒక్కటే ఇక్కడి పోలిక. ఇక్కడ దాని వెనక ఉన్నది కంటికి కనిపించని, కానీ లెక్కకు అందే క్రిమి.

ఈ గీత ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే వైరస్ ఎలా ప్రయాణిస్తుందో చూడాలి. బర్డ్ ఫ్లూ సోకిన నీటిపక్షి రెట్టలో వైరస్ కోట్ల సంఖ్యలో ఉంటుంది. చల్లని తడి చోట, చెరువు నీటిలో అది వారాల తరబడి చావదు. ఆ రెట్ట తొక్కిన బూటు అడుగున అంటిన మట్టి, ట్రాక్టర్ చక్రం, ఎలుక కాలు, మేత లారీ మెట్టు, పక్క ఫారం నుంచి అరువు తెచ్చుకున్న యంత్రం, ఇవన్నీ వైరస్‌కు వాహనాలే. అందుకే అమెరికాలో 1935 నుంచి నడుస్తున్న జాతీయ పౌల్ట్రీ అభివృద్ధి ప్రణాళిక, 2015 బర్డ్ ఫ్లూ ఉపద్రవం తర్వాత రోగకాపలాకు 14 సూత్రాలు చేర్చింది. పనివారి శిక్షణ, హద్దు గీత, ఫారం చుట్టు హద్దు, అడవి పక్షులు, ఎలుకలు, పురుగులు, వాహనాలు, చచ్చిన పక్షుల తరలింపు, ఎరువు, నీరు, మేత, మరణాలు పెరిగితే వెంటనే తెలపడం, చివరికి ఇవన్నీ నిజంగా జరుగుతున్నాయో లేదో బయటివారు వచ్చి తనిఖీ చేయడం వాటిలో ఉన్నాయి.

వీటిలో నీటి సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ అది రెండు వైపులా పదునున్న కత్తి. చెరువు నీటిని శుద్ధి చేయకుండా తాగిస్తే బాతుల వైరస్ నేరుగా షెడ్డులోకి వచ్చినట్టే. శుద్ధి చేయడానికి కలిపే క్లోరిన్ ఎక్కువైతే పక్షి నీళ్లు తాగదు. నీళ్లు తగ్గితే మేత తగ్గుతుంది. మొదటి వారంలో పిల్లలకు ఇది ప్రాణాంతకం కూడా.

మూసిన తలుపు వెనక గాలి

తలుపు మూయడంతోనే కాపలా పూర్తయిందనుకుంటే పెద్ద పొరపాటు. రోగం బయటి నుంచి వచ్చే అతిథి మాత్రమే కాదు. లోపలి గాలి చెడితే లోపలే తలుపు తెరుచుకుంటుంది.

షెడ్డు నేలమీద పరిచే చెక్క తురుమును, పొట్టును లిట్టర్ అంటారు. మన కోళ్ల రైతులు వరి ఊక వాడతారు, అమెరికాలో చెక్క తురుము ఎక్కువ. టర్కీ దాని మీదే నడుస్తుంది, దాని మీదే పడుకుంటుంది, దాని మీదే రెట్ట వేస్తుంది. లిట్టర్ పొడిగా ఉన్నంత వరకు రెట్టలోని తేమను పీల్చుకుంటుంది. తడిస్తే అందులోని సూక్ష్మజీవులు రెట్టను విరగ్గొట్టి అమ్మోనియా వాయువు పుట్టిస్తాయి. రోజుల తరబడి ఊడ్వని పశువుల కొట్టంలో ముక్కు పగిలే ఘాటు అదే. పది లక్షల పాళ్ల గాలిలో అమ్మోనియా 25 పాళ్లకు మించకూడదని అమెరికాలో పనివారి ఆరోగ్య సంస్థ హద్దు సూచించింది. పనివాడు రోజుకు కొన్ని గంటలే ఆ గాలి పీలుస్తాడు. పక్షి రాత్రింబవళ్లూ, అదీ నేలకు జానెడు ఎత్తున, వాయువు పుట్టే చోటే పీలుస్తుంది.

టర్కీ గాలిగొట్టం లోపలి గోడమీద కంటికి కనిపించని సన్నటి నూగు ఉంటుంది. గాలికి వరిచేను ఊగినట్టు అది ఎప్పుడూ ఒకే వైపుకు ఊగుతూ, లోపలికి వచ్చిన దుమ్మునూ క్రిమినీ జిగురుతో కలిపి పైకి నెట్టేస్తుంది. అమ్మోనియా తగిలిన టర్కీల గాలిగొట్టాలను 1980ల్లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్ర పరిశోధకులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు ఆ నూగు రాలిపోయి ఉండటం కనిపించింది. చేను కోసేసిన మడిలా గొట్టం బోసిపోతే పేగుల్లో, దుమ్ములో ఎప్పుడూ ఉండే ఈ-కోలై బ్యాక్టీరియా కూడా ఊపిరితిత్తుల దాకా దిగిపోతుంది. బయటి నుంచి ఏ క్రిమీ రాకపోయినా మంద జబ్బు పడుతుంది. అందుకే గాలి బాగుండటాన్ని సుఖం పద్దులో మాత్రమే రాసి, రోగకాపలా పద్దులో రాయకపోవడం లెక్క తప్పడమే.

తడి లిట్టర్ చేసే రెండో కీడు అరికాళ్లకు. 15 కిలోల పక్షి తడి, రెట్ట కలిసిన నేలమీద రోజంతా నిలబడితే అరికాలి చర్మం మెత్తబడి పగిలి నల్లటి పుండు పడుతుంది. నొప్పితో అది మేత తొట్టి దాకా నడవడం తగ్గిస్తుంది, ఎక్కువ సేపు కూర్చుంటుంది, కూర్చున్న చోట రొమ్ము చర్మం ఒరుసుకుంటుంది. ఆ పుండు గుండా బ్యాక్టీరియా కీళ్లలోకి పోతుంది. కోత కేంద్రాల్లో పక్షుల పాదాలను చూసి, ఆ షెడ్డును ఎలా చూసుకున్నారో అంచనా కట్టే పద్ధతి యూరప్‌లో కొన్ని దేశాల్లో ఉంది. పక్షి పాదం అబద్ధమాడదు.

గాలి బాగుండాలంటే ఫ్యాన్లు ఎక్కువగా తిరగాలి. చలికాలంలో మిన్నెసోటాలో బయట సున్నాకు 20 డిగ్రీల కింద ఉంటే ఫ్యాను తిరిగిన ప్రతి నిమిషం లోపలి వేడి, దానికి కాల్చిన గ్యాస్ ఖర్చు బయటికి పోతాయి. మొదటి రోజుల్లో పిల్లలకు 35 డిగ్రీల వేడి కావాలి. రైతు చెయ్యి సహజంగానే ఫ్యానును తగ్గించే వైపుకు పోతుంది. పక్షిక్షేమం చాలా చోట్ల దెబ్బతినేది దుర్మార్గం వల్ల కాదు, ఇలాంటి చిన్న చిన్న పొదుపుల వల్ల.

గడ్డిమోపు, ఆరుబయలు, మనిషి అడుగు

రోగకాపలా, పక్షిక్షేమం నిజంగా ఎదురెదురు పడే చోట్లు కొన్ని ఉన్నాయి. లేవని కప్పిపుచ్చడం ఎవరికీ మేలు చేయదు.

టర్కీ ముక్కుతో పొడిచి చూసే పక్షి. పొడవడానికి ఏమీ లేకపోతే తోటి పక్షిని పొడుస్తుంది. రక్తం కనిపిస్తే మిగతావన్నీ అక్కడే చేరతాయి. దీన్ని ఆపడానికి పరిశ్రమ రెండు పాత మార్గాలు పట్టుకుంది. పొదిగే కేంద్రంలోనే పిల్ల ముక్కు కొనకు పరారుణ కిరణం తగిలించి మొద్దుబారేలా చేయడం ఒకటి, షెడ్డులో వెలుతురు బాగా తగ్గించడం రెండోది. మొదటిదానివల్ల పక్షికి నొప్పి. రెండోది శ్రుతి మించితే కళ్లే చెడతాయి. మూడో మార్గం పక్షికి పని ఇవ్వడం. ఎండుగడ్డి మోపు పెడితే పీకుతుంది, మీదికెక్కి కూర్చుంటుంది, తోటి పక్షి ఊసు మరుస్తుంది. అయితే ఆ మోపు ఎక్కడి నుంచి వచ్చింది? పొలంలో బయట పడి ఉన్న గడ్డిలో అడవి పక్షి రెట్ట, ఎలుక మూత్రం ఉండవచ్చు. పక్షి విసుగు తీర్చడానికి తెచ్చిన మోపే రోగాన్ని మోసుకురావచ్చు. ఇక్కడ రాజీ సాధ్యమే. కోత నాటి నుంచి కప్పు కింద, వల లోపల నిలవ చేసిన గడ్డి వాడటం, లేదంటే కడిగి మళ్లీ వాడుకునేలా వేలాడదీసే ప్లాస్టిక్ గొలుసులు, తాళ్లు, అరుగులు పెట్టడం. ఖర్చు ఎక్కువే. గడ్డిని తీసేసి వెలుతురు తగ్గించడం చవక. ఆ చవకదనానికి కాపలా అని పేరు పెట్టి వదిలేసే ఫారాలు ఉన్నాయన్నది కాదనలేని నిజం.

ఆరుబయలు తిరిగే టర్కీల సంగతి ఇంతకన్నా కఠినం. బ్రిటన్‌లో క్రిస్మస్ కోసం ఆరుబయట పెంచే టర్కీలకు మంచి గిరాకీ ఉంది. 2022 శరదృతువులో హెచ్5ఎన్1 రకం బర్డ్ ఫ్లూ వైరస్ అక్కడ విరుచుకుపడింది. ఆ ఏడు క్రిస్మస్‌కు సిద్ధమవుతున్న 12, 13 లక్షల ఆరుబయలు టర్కీల్లో దాదాపు 6 లక్షలు రోగంతోనో, రోగం ఆపడానికి చంపడం వల్లనో పోయాయని పరిశ్రమ ప్రతినిధి పార్లమెంటు సంఘానికి చెప్పాడు. ఇంగ్లాండ్‌లో నవంబరు 7 నుంచి మరుసటి ఏడు ఏప్రిల్ 18 దాకా పెంపుడు పక్షులన్నిటినీ కప్పు కిందే ఉంచాలని ప్రభుత్వం ఆజ్ఞాపించింది. కొందరు రైతులు రోగం రాకముందే పక్షులను కోసి, గడ్డకట్టించి, పండగ ముందు కరిగించి అమ్ముకోవడానికి కూడా అనుమతి ఇచ్చింది. పచ్చికలో పెరగడానికి అలవాటుపడిన పక్షిని ఉన్నట్టుండి షెడ్డులో మూస్తే ఒత్తిడి పెరిగి పొడుచుకోవడం ఎక్కువవుతుంది. అందుకే ఆరుబయట పెంచే రైతు కూడా లోపల అరుగులు, ఆటవస్తువులు, తగినంత చోటు ముందే సిద్ధం చేసుకోవాలి. ఆజ్ఞ వచ్చాక వెతుక్కుంటే పక్షి బాధపడుతుంది.

మూడో చోటు మనిషి అడుగు. కాపలా సూత్రం ప్రకారం షెడ్డులోకి ఎంత తక్కువ మంది, ఎన్ని తక్కువ సార్లు వెళ్తే అంత మంచిది. క్షేమం సూత్రం ప్రకారం మందలో తిరిగే కన్ను ఎంత తరచుగా చూస్తే అంత మంచిది. కుంటుతున్న పక్షిని, నీటి గొట్టం అందక డస్సిన పిల్లను గుర్తించేది ఆ కన్నే. ఈ చిక్కును మంచి ఫారాలు చక్కగా విప్పాయి. ఒక షెడ్డుకు ఒకే మనిషిని పెట్టి, అతన్ని రోజుకు రెండు మూడు సార్లు మందంతా తిరిగేలా చేసి, మిగతా అందరినీ గీత ఇవతలే ఆపుతారు. రోజూ అదే మనిషి, అదే రంగు బట్ట, అదే నడక కనిపిస్తే పక్షులు బెదరవు. ఏ తెగులు వచ్చినా మొదట పసిగట్టేది కూడా అతనే. బర్డ్ ఫ్లూ సోకిన టర్కీ షెడ్డులో తొలి గుర్తు చావు కాదు, నీటి వాడకం తగ్గడం, ఆపైన నిశ్శబ్దం. వేల గొంతులు ఎప్పుడూ కలకలలాడే షెడ్డు ఒక పొద్దున తలుపు తీయగానే మూగబోయి ఉంటుంది. ఆ మౌనం తేడాను గుర్తుపట్టాలంటే నిన్నటి సందడి విన్న చెవి కావాలి.

2015 వసంతం

మిన్నెసోటా అమెరికాలో టర్కీల పెంపకానికి మొదటి రాష్ట్రం. ఏటా దాదాపు 4 కోట్ల పక్షులు అక్కడ పెరుగుతాయి. పదివేల సరస్సుల నాడు అని ఆ రాష్ట్రానికి పేరు. మన కొల్లేరుకూ పులికాట్‌కూ చలికాలంలో విదేశీ పక్షులు వచ్చినట్టు, మిసిసిపి నది వెంట ఉత్తరానికీ దక్షిణానికీ వలసపోయే బాతులూ హంసబాతులూ ఆ సరస్సుల్లో దిగుతాయి. టర్కీ షెడ్లు, వలస పక్షుల మజిలీలు పక్కపక్కనే అన్నమాట.

2015 మార్చి మొదట్లో ఆ రాష్ట్రంలోని పోప్ కౌంటీలో ఒక టర్కీ ఫారంలో హెచ్5ఎన్2 రకం బర్డ్ ఫ్లూ బయటపడింది. జూన్ వచ్చేసరికి రాష్ట్రంలో 23 కౌంటీల్లో నూరు దాటిన ఫారాలకు పాకి, సుమారు 90 లక్షల పక్షులు పోయాయి. దేశం మొత్తంమీద టర్కీలు, కోళ్లు కలిపి 5 కోట్ల దాకా పోయాయి. వాటిలో టర్కీలు 75 లక్షలు. మొదట అందరూ అడవి బాతులనే నిందించారు. వైరస్ జన్యువులను పోల్చి చూసినప్పుడు ఇంకో సంగతి తేలింది. బాతుల నుంచి కొన్నిసార్లు వచ్చిన మాట నిజమే గానీ, చాలా చోట్ల అది ఫారం నుంచి ఫారానికే పాకింది. పంచుకున్న యంత్రాలు, రెండు ఫారాల్లో పనిచేసే మనుషులు, చచ్చిన పక్షులను తీసుకుపోవడానికి ఒకే రోజు పలు గేట్ల దగ్గర ఆగిన లారీలు దాన్ని మోశాయి. రైతులు కాపలా ఉందనే అనుకున్నారు. గీత కాగితం మీద ఉంది, నేలమీద చెరిగిపోయింది.

2022 ఫిబ్రవరిలో ఇండియానా రాష్ట్రంలోని డుబోయిస్ కౌంటీలో ఒక టర్కీ ఫారంతో మరో దశ మొదలైంది. ఈసారి హెచ్5ఎన్1 వైరస్. ఇది అడవి పక్షుల్లోనే స్థిరపడిపోవడంతో వేసవిలో ఆగి మళ్లీ శరత్తులో తిరిగొస్తూ వచ్చింది. పోయిన పెంపుడు పక్షుల లెక్క 10 కోట్లు దాటింది. ఈ దశలో బాతుల నుంచి నేరుగా వచ్చిన కేసుల వాటా ఎక్కువ. ఫారం నుంచి ఫారానికి పాకడం ముందుకన్నా తగ్గిందంటే 2015 పాఠం కొంతైనా ఒంటబట్టిందనే చెప్పాలి. అదే వైరస్ కుటుంబం మన వైపుకూ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కానూరు, వేల్పూరు గ్రామాల కోళ్ల ఫారాల్లో బయటపడింది. అక్కడ చచ్చినవి టర్కీలు కావు. గీత లేని చోట వైరస్ నడిచే దారి మాత్రం అదే.

చంపక తప్పని రోజు

రోగం నిర్ధారణ అయ్యాక షెడ్డులో ఆరోగ్యంగా కనిపించే పక్షులతో సహా అన్నిటినీ చంపేస్తారు. అమెరికాలో 24 గంటల్లోగా ఇది పూర్తి కావాలన్నది లక్ష్యం. ఆలస్యమైతే ప్రతి పక్షీ ఊపిరాడక, వణుకుతూ, మెడ తిరిగిపోయి రెండు మూడు రోజుల్లో చస్తుంది. ఈలోగా వైరస్‌ను గాలిలోకి కోట్ల సంఖ్యలో వదులుతుంది. కాబట్టి త్వరగా చంపడం మిగతా ఫారాలకు కాపలా, ఆ మందకు ఉన్నవాటిలో తక్కువ బాధ.

ఎలా చంపుతారన్నది వేరే ప్రశ్న. టర్కీలు నేలమీద తిరిగే షెడ్లలో ఎక్కువగా వాడేది నీటి నురగ. యంత్రంతో షెడ్డంతా తలల పైదాకా నురగ నింపితే చిన్న బుడగలు గాలిగొట్టాన్ని మూసేస్తాయి. కొన్ని నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఆ కొన్ని నిమిషాలు పక్షికి ఉక్కిరిబిక్కిరే. ఈ పనికి నీళ్లు ఎన్ని కావాలంటే 2015లో మిన్నెసోటా గవర్నర్ అత్యవసర పరిస్థితి ప్రకటించి, నేషనల్ గార్డు దళాలతో నీళ్లు తరలించాల్సి వచ్చింది. యంత్రాలు, మనుషులు చాలని చోట మరో పద్ధతి ముందుకొచ్చింది. ఫ్యాన్లు ఆపేసి, లోపలికి వేడి పంపి, వడదెబ్బతో చంపడం. గాలి ఆపేయడం ఒక్కటే సరిపోదని, దాన్ని వాడవద్దని అమెరికన్ పశువైద్య సంఘం 2019 మార్గదర్శకాల్లో చెప్పింది. వేడి కలిపితే మాత్రం వేరే దారి లేని పరిస్థితుల్లో అనుమతించింది. ఆ పద్ధతిలో పక్షులు గంటల తరబడి యాతన పడతాయని, దాన్ని పూర్తిగా మానాలని పశువైద్యుల్లోనే ఒక వర్గం గట్టిగా అడుగుతోంది. వారి అభ్యంతరం న్యాయమైనది. నత్రజని నింపిన నురగలాంటి మెరుగైన పద్ధతులు ఉన్నప్పుడు, యంత్రాలు కొని ముందే సిద్ధంగా ఉంచుకోకపోవడాన్ని వేరే దారి లేకపోవడంగా లెక్కించకూడదు.

చంపిన పక్షులను చాలా చోట్ల షెడ్డులోనే లిట్టర్‌తో, చెక్క తురుముతో కలిపి పొడవాటి కుప్పలుగా పోస్తారు. కుప్ప తనంతట తానే 55 డిగ్రీలు దాటి వేడెక్కి వైరస్‌ను చంపుతుంది. దాదాపు నెల రోజులు, మధ్యలో ఒకసారి తిరగేసి, అలాగే ఉంచుతారు. ఆ తర్వాత కడగడం, శుద్ధి చేయడం, ఖాళీగా ఉంచడం, గోడల నుంచీ గొట్టాల నుంచీ నమూనాలు తీసి వైరస్ లేదని నిర్ధారించడం. కొత్త పిల్లలు వచ్చేలోపు ఒక్కోసారి నెలలు గడుస్తాయి.

పరిహారం నిబంధనలో ఒక కీలకం ఉంది. అమెరికా ప్రభుత్వం చంపించిన పక్షులకే డబ్బు ఇస్తుంది, రోగంతో అప్పటికే చచ్చిన వాటికి ఇవ్వదు. త్వరగా తెలిపిన రైతుకు ఎక్కువ డబ్బు, దాచిన రైతుకు నష్టం. ఈ ఒక్క నియమం వల్ల పక్షి బాధపడే గంటలు తగ్గుతాయి, పొరుగు ఫారమూ బతుకుతుంది. 2016లో ఆ పరిహారానికి రోగకాపలా ప్రణాళిక ఉండాలన్న షరతు పెట్టారు. కాగితం చూపితే చాలన్నట్టు నడిచింది. కొన్ని ఫారాలు రెండు మూడు సార్లు రోగం పాలై ప్రతిసారీ డబ్బు తీసుకున్నాయి. 2024 డిసెంబరులో నిబంధన మార్చి, మళ్లీ పరిహారానికి అర్హత ఉండాలంటే ఒకసారి రోగం పాలైన ఫారం కొత్త మందను దించే ముందు తనిఖీలో నెగ్గి తీరాలన్నారు. తనిఖీలో గీతలు, వాహనాలు, ఎలుకలు ఉన్నాయి. గాలిలో అమ్మోనియా ఎంత, అరికాళ్లు ఎలా ఉన్నాయి అన్నవి లేవు. అవి కూడా అదే కాగితం మీద ఉండి ఉంటే బాగుండేది.

టీకా సంగతి ఇంకా తేలలేదు. ఫ్రాన్స్ 2023 అక్టోబరు నుంచి తన బాతులకు బర్డ్ ఫ్లూ టీకా వేస్తోంది, అక్కడ కేసులు బాగా తగ్గాయి. ఇటలీ ఉత్తర ప్రాంతంలో 1999, 2000 సంవత్సరాల్లో టర్కీ ఫారాలు ఇరుగుపొరుగున కిక్కిరిసిన చోట వైరస్ వ్యాపించి కోటికి పైగా పక్షులు పోయినప్పుడు, టీకా వేసిన పక్షినీ రోగం సోకిన పక్షినీ రక్తపరీక్షతో వేరు చేయగలిగే పద్ధతి అక్కడి శాస్త్రజ్ఞులు రూపొందించారు. టీకా వేసిన మందలో వైరస్ పైకి కనిపించకుండా తిరగవచ్చన్న భయంతో దిగుమతి దేశాలు ఆ మాంసం వద్దంటాయి. అందుకే అమెరికాలో 2025 నాటికి కూడా టర్కీలకు ఈ టీకా మొదలుకాలేదు. మిన్నెసోటాలో ఈలోపు కొందరు రైతులు షెడ్ల కప్పుల మీద లేజర్ దీపాలు బిగించి, సందె వేళ సరస్సుల వైపు నుంచి వచ్చే బాతులు దిగకుండా పచ్చటి కిరణాన్ని నేలమీద తిప్పుతున్నారు.